వాగు దగ్గర ఎవరు ఎక్కడ నిలబడ్డారు

నేను దీన్ని ఇంతకుముందు రాయలేకపోయాను. మొదటి కారణం, నాకు రాయడం రాదు. రాయడం వచ్చిన తర్వాత ఇంకో కారణం వచ్చి కూర్చున్నది. సంగతి తేలేదాకా ఎవరికీ చెప్పొద్దని నా కూతురు మాట తీసుకున్నది. చెప్పొద్దంటే రాయొద్దని కూడా లెక్కే అనుకొని ఊరుకున్నాను. ఇప్పుడు తేలవలసినంత తేలింది. "ఇగ రాసుకో అమ్మా, పేర్లు మాత్రం రాయకు" అన్నది కూతురు. పేర్లు రాయను.

మా పుట్టిల్లు పెద్దవంగర పక్క ఊరు. ఇంట్లో నేను పెద్దదాన్ని. తమ్ముడు బడికి పోతే నేను నాట్లకు, కలుపులకు, మిరప చేన్లకు పోయేదాన్ని. పొద్దుగూకేముందు తమ్ముడు గడప మీద కూర్చుని పలక మీద దిద్దేవాడు. నేను వాడికి ఎదురుగా చాటలో బియ్యం ఏరుతూ కూర్చునేదాన్ని. అందుకని అక్షరాలన్నీ నాకు తలకిందులుగా పరిచయం. పెళ్ళై స్టేషన్ ఘన్‌పూర్ వచ్చినాక బస్సుల బోర్డులు చూస్తే, ఎక్కడో చూసిన మనుషుల్లాగే ఉండేవి గాని ఎవరెవరో పోల్చుకోలేకపోయేదాన్ని. పక్కన నిలబడ్డవాళ్ళను "అన్నా, ఇది జనగామ పోతదా, వరంగల్ పోతదా" అని అడిగి ఎక్కేదాన్ని. అట్లా అడిగి ఎక్కుతూనే తల నెరిసింది.

చదువు నాకు భూపాలపల్లిలో వచ్చింది. మా ఆయన పోయిన తర్వాత కూతురు నన్ను తన దగ్గరకు తెచ్చుకున్నది. కూతురు సివిల్ ఇంజినీరు. రోడ్లు, వంతెనలు కట్టే ఒక కాంట్రాక్టరు దగ్గర పని. అక్కడ మధ్యాహ్నాలు చాలా పొడుగ్గా ఉంటాయి. బొగ్గు లారీలు పోయినప్పుడల్లా కిటికీ మీద సన్నటి నల్లటి పొడి వాలేది. ఎండ ఆ పొడిలోంచి వడకట్టుకుని వచ్చి గచ్చు మీద పడితే ఇల్లంతా నీళ్ళ అడుగున ఉన్నట్టుండేది. ఆ వెలుతురులో కూర్చుని నేను చూచిరాత రాసేదాన్ని. పై గీత మీద కూతురు ఒక వాక్యం రాసిపెట్టి పనికి పోయేది. దాన్ని చూసి కింది గీతలన్నీ నేను నింపాలి. మొదటి గీత బాగానే ఉండేది. అడుగు గీతకు వచ్చేసరికి అది ఇంకేదో అయ్యేది. అక్షరాల కొమ్ములు రాలిపోయేవి, లేని తోకలు మొలిచేవి. సాయంత్రం కూతురు వచ్చి చూసి నవ్వేది.

"నేను రాసింది చూసి రాయమన్న గదనే. నువ్వు రాసింది నువ్వే చూసి రాస్తున్నవ్."

"పైది దూరమైతున్నది బిడ్డా. దగ్గర ఉన్నది నాదే గద."

అట్లా రాయగా రాయగా ఒకనాడు కూరగాయలకు పోయి వస్తుంటే ఎదురుగా వచ్చే బస్సు మీద అక్షరాలు ఒక్కసారి లేచి నిలబడ్డాయి. పరకాల. నేను ఎవరినీ అడగలేదు. బస్సు దుమ్ములో కలిసిపోయినా చాలాసేపు ఆ మాట నా ముందర నడుస్తూనే ఉన్నది.

ఆ రోజుల్లోనే మా ఇంటికి కూతురితో పాటు పనిచేసే ఇంకో ఇంజినీరు ఆడపిల్ల వస్తుండేది. ఆమెది గార్ల. కూతురి కంటే కొంచెం పెద్దది, అందుకని కూతురు అక్కా అంటుంది. నన్ను ఆమె చిన్నమ్మా అంటుంది. ఈ రాతలో ఆమెను గార్ల పిల్ల అంటాను. ఇద్దరూ కలిసి మా పెద్దవంగర దిక్కున ఒక వాగు మీద వంతెన కట్టించారు. ఇద్దరికీ అదే మొదటి పెద్ద పని. ఆ వంతెన మాటెత్తితే ఇద్దరి ముఖాలూ వెలిగేవి. ఎక్కువగా చెప్పుకునేది వరద వచ్చిన రోజు సంగతి. పునాది గుంతలో ఇనుప చువ్వలు కట్టి ఉన్నాయి. తెల్లవారితే కాంక్రీటు పోయాలి. మన దగ్గర చినుకు లేదు, పైన ఎక్కడో కొట్టింది వాన. చూస్తుండగానే వాగు రంగు మారింది. మనుషులను గుంతలోంచి బయటికి తీసి, ఇసుక బస్తాలు ఏటవాలుగా అడ్డం వేసి, పక్క నుంచి కాలువ తెంపి నీళ్ళను మళ్ళించారు. పునాది నిలిచింది.

వేరే దేశం పోయి ఇంజినీరు పని చేయాలని ఇద్దరికీ ఉన్నది. గార్ల పిల్ల భర్త అప్పటికే అక్కడ ఉన్నాడు. కూతురు నన్ను కూడా తీసుకపోతానంటే నేను నవ్వేదాన్ని, పరకాల బస్సు బోర్డు చదివినదాన్ని ఇంకెంత దూరం పంపుతావు అని. పోవాలంటే ముందు అక్కడి ఇంజినీర్ల సంస్థ వీళ్ళు నిజంగా పని తెలిసినవాళ్ళేనా అని చూస్తుందట. దానికి తాము చేసిన పనుల గురించి రాసి పంపాలి. ఏం అడ్డం వచ్చింది, నువ్వేం చేసినవు, ఎందుకు చేసినవు, అంతా నీ సొంత మాటల్లో ఉండాలి.

ఆ రాత మా వంటింట్లోనే జరిగింది. నేను పొయ్యి మీద సర్వపిండి వేస్తుంటే, ఇద్దరూ గోడకు ఆనుకొని చెరో లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకొని కూర్చునేవాళ్ళు. ఒకరు ఇంగ్లీషులో ఒక వాక్యం ఎత్తుకునేవాళ్ళు, ఇంకొకరు అందుకొని ముగించేవాళ్ళు. అది బాగా కుదిరిందనిపిస్తే ఇద్దరి వేళ్ళూ ఒక్కసారే టకటకలాడేవి. నడుమ తెలుగులో నవ్వులు.

"ఎర్రనీళ్ళు వచ్చుడు చూసిన అని పెట్టు అక్కా."

"ఎర్రనీళ్ళు అంటే వాళ్ళకేం సమజైతది పిల్లా? నెత్తురనుకుంటరు. మట్టి కలిసిన ప్రవాహం అని పెట్టు."

"పుల్లలు, ఆకులు కూడ కొట్టుకొచ్చినయి గద."

"పెట్టు పెట్టు, పుల్లలు కూడ పెట్టు. చిన్నమ్మా, పిండి మాడుతున్నది!"

నాకు నాట్ల రోజులు గుర్తుకొచ్చేవి. నాట్లప్పుడు ఒకామె పాట ఎత్తుకుంటుంది, తక్కినవాళ్ళు అందుకుంటారు. మడి ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పోయేలోపు పాటలో ఏ మాట ఎవరు కలిపిందీ ఎవరూ అడగరు. మోకాళ్ళ లోతు నీళ్ళలో వంగి, ముందుకు కాకుండా వెనక్కి నడుస్తూ పాడే పాట అది. ఆ పిల్లలు మాట్లాడుతుంటే నా కాళ్ళకు ఆ బురద చల్లగా తగిలినట్టుండేది. కాలేజీ హాస్టల్లో రికార్డులు కూడా ఇట్లాగే రాశామనీ, సైటు మీద రోజువారీ రిపోర్టు కూడా ఇట్లాగే రాస్తామనీ చెప్పారు. వాళ్ళ మాటలు వాళ్ళే రాసుకుంటున్నారు కదా అనుకున్నాను నేను. వాళ్ళూ అట్లాగే అనుకున్నారు.

గార్ల పిల్ల ముందు పంపింది. ఆమెది పాసైంది. కొంతకాలానికి ఆమె నీళ్ళోసుకున్నది. కాన్పు అయినాక పిల్లనో పిలగానినో ఎత్తుకొని భర్త దగ్గరికి పోదామని పని మానేసి గార్లకు, పుట్టింటికి పోయింది. నా కూతురు మెల్లగా, ఉన్న పనుల మధ్య మిగతావి పూర్తి చేసి తర్వాత పంపింది.

జవాబు ఒక మధ్యాహ్నం వచ్చింది. ఆదివారం. కూతురు తల అంటుకొని వాకిట్లో ఎండకు కూర్చుని ఫోను చూస్తున్నది. జుట్టు ఆరబెడుతున్న చెయ్యి గాలిలో అట్లాగే ఆగిపోయింది.

"ఏందే?"

ఆమె ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఒక్కో మాట తెలుగులోకి దించి చెప్పింది. నీ రాతలో ఒక భాగం ఇదివరకే మా దగ్గరికి వచ్చిన ఇంకొకరి రాతతో మాటకు మాట కలుస్తున్నది. ఎందుకు కలిసిందో సంజాయిషీ ఇయ్యి. అది సరిగ్గా లేకుంటే దరఖాస్తు కొట్టేస్తం, కొంతకాలం మళ్ళ పెట్టుకోనియ్యం.

"దొంగతనం అంటున్నరా?" అన్నాను.

"దొంగతనం అనలేదు. అడుగుతున్నరు." ఫోను బోర్లించి మళ్ళీ అన్నది, "అంటే అదేనే."

నా కూతురు చిన్నప్పుడు పక్క చేన్లో పడ్డ మామిడికాయ కూడా అడగకుండా ముట్టేది కాదు. ఆ రోజు ఆమె జుట్టు ఆరిపోయినా అట్లాగే కూర్చున్నది. లారీలు లేపిన తెల్లటి దుమ్ము తల మీద పడి నెరిసిన దానిలాగా కనిపించింది నాకు, నా వయసుదానిలాగా.

మరునాడు హన్మకొండలో డబ్బులు తీసుకొని ఇటువంటి దరఖాస్తులు రాసిపెట్టే ఒకాయనకు ఫోను చేసింది. నాకు కూడా వినిపించాలని స్పీకరు పెట్టింది.

"మేడం, మీరు పరేషాన్ కాకుండ్రి. గిసువంటివి రోజూ వస్తయి. మొత్తం మాటలు తిప్పి రాసిస్తం. మిషన్ల పెట్టినా దొరకదు."

"సారూ, నేను చేసిన పని ఏందో మీకు ఎరుకేనా?"

"అది మాకెందుకు మేడం?" అన్నాడు ఆయన, నిజంగానే ఆశ్చర్యపోయి. "లేదంటే ఇంకో తొవ్వ ఉన్నది. ఆమెనే మీది కొట్టేసిందని రాయుండ్రి. వంటింట్ల ఎవరు ముందు రాసిండ్రో వాళ్ళకేం తెలుస్తది?"

కూతురు ఫోను పెట్టేసింది. ఆయన చెప్పిన రెండో తొవ్వ ఇంట్లో అట్లాగే నిలబడి ఉన్నది. అది సులువైనదని ఇద్దరికీ తెలుసు. గార్ల పిల్లది పాసైన కాగితం. ఆమె కడుపులో బిడ్డ, ఆమె భర్త, ఆమె ప్రయాణం అంతా ఆ కాగితం మీద ఉన్నది. నిజం చెప్పినా ఆమె పేరు రావాల్సిందే. కలిసి రాసుకున్నమని అంటే, ఎవరితో అని అడుగుతారు కదా.

"అక్కను అడుగకుండ నేనేం రాయను" అన్నది కూతురు. "ఫోన్ల అడిగేది కాదు."

నేను కూడా వస్తానన్నాను. భూపాలపల్లి నుంచి బస్సులో వరంగల్, అక్కడి నుంచి రైలు. నేను కిటికీ పక్కన కూర్చుని స్టేషన్ల పేర్లు చదువుతూ పోయాను. కేసముద్రం. మహబూబాబాద్. చదివిన పేరు చదివినట్టే వెనక్కి జారిపోయేది. ఇన్నేళ్ళు ఇదే పట్టాల మీద పేర్లు లేని ఊర్ల నడుమ నుంచి పోయాను కదా అనుకున్నాను. రెండు దిక్కులా కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. నేల మీద ఎర్ర చీరలు పరిచినట్టు కొంచెంసేపు కనిపించి, కునుకు పడితే కళ్ళ లోపల కూడా ఎర్రగానే ఉండేది. ఆ కునుకులో వాగు వచ్చింది. ఇద్దరు ఆడపిల్లలు కలిసి ఏదో అరుస్తున్నారు, ఏ అరుపు ఎవరిదో నాకు తెలియడం లేదు. లేచేసరికి గార్ల.

గార్ల పిల్ల వాళ్ళ ఇంటి ముందు మంచం మీద కూర్చుని మిరపకాయల్లోంచి తాలుకాయలు ఏరుతున్నది. నెలలు నిండుతున్న కడుపు.

"ఏంది చెల్లె, మా ఊరి తొవ్వ తప్పినవా? చిన్నమ్మను కూడ తోలుకొచ్చినవ్. పెండ్లి శుభలేఖనా?"

"పెండ్లి కాదక్కా. నా దరఖాస్తు ఆపిండ్రు."

కూతురు జవాబు చూపించింది. గార్ల పిల్ల చదువుతూ చదువుతూ చేతిలో మిరపకాయను రెండు ముక్కలు చేసింది. మేమందరం తుమ్మాం. అప్పుడు కూడా ఎవరూ నవ్వలేదు.

"నా పేరు తియ్యకు పిల్లా" అన్నది మొదలే.

"తియ్యకుంటే ఏమని రాయాలె?"

"ఏమన్న రాయి. ఆ పని మొత్తం తీసేసి ఇంకోటి పెడ్త అను."

"అదెట్ల కలిసిందని అడుగుతున్నరు అక్కా. ఇంకోటి పెడ్తనంటే దొంగతనం ఒప్పుకున్నట్టే గద."

"మరి నన్ను దొంగను చేస్తవా?"

"ఎవరు చేస్తున్నరు? ఎవరు ఏం చేసిండ్రో అది రాద్దామంటున్న. నేను చేసింది నేను రాస్త. నువ్వు చేసింది నీది."

"సరే. చెప్పు. నువ్వేం చేసినవ్?"

"ఎర్రనీళ్ళు చూసిన. మనుషులను బయటికి తీపిచ్చిన. బస్తాలు అడ్డం వేద్దామన్న."

గార్ల పిల్ల ఆమె వైపు వింతగా చూసింది. "అది నేను గద."

"ఏది?"

"అన్నీ."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అబద్ధమాడే ముఖాలు కావు అవి. ఇద్దరికీ అంతా గుర్తున్నది. నీళ్ళ వాసన, మేస్త్రీ అరుపు, బస్తా చేతిలోంచి జారడం, ఏదీ మర్చిపోలేదు. ఇద్దరి గుర్తులోనూ ఆ రోజు ముందుకొచ్చి నిలబడ్డది ఎవరికి వారే. అన్నిసార్లు కలిసి చెప్పుకున్నారు, ఒకరి గొంతులోంచి ఒకరు. ఇప్పుడు విడదీద్దామంటే ఎక్కడ పట్టుకోవాలో తెలియడం లేదు.

"చిన్నమ్మా, నువ్వు చెప్పు" అన్నది గార్ల పిల్ల నా వైపు తిరిగి. "వంటింట్ల ఉన్నవు గద. బస్తాల మాట ముందుగాల ఎవరన్నరు?"

"నిజం చెప్పు అమ్మా. నీ బిడ్డనని చూడకు."

నేను ఎంతో వెతికాను. పొయ్యి కనిపిస్తున్నది, పిండి కనిపిస్తున్నది, వాళ్ళ కాళ్ళు కనిపిస్తున్నాయి. మాట మాత్రం రెండు గొంతులతో వస్తున్నది. "నాకు ఎరుకలేదు బిడ్డా" అన్నాను. ఇద్దరూ నిరాశపడ్డారు. కూతురు ఎక్కువ పడ్డది. తన పేరు చెప్తాననుకున్నదేమో.

ఆ రోజు ఇద్దరూ సరిగ్గా మాట్లాడుకోలేదు. అన్నం దగ్గర ఒకరికొకరు వడ్డించుకున్నారు గాని కళ్ళు కలపలేదు. మరునాడు పొద్దున్నే మేము బయలుదేరుతుంటే, "చిన్నమ్మ ఇంకా ఆ వంతెన చూడనే లేదు గద" అన్నది గార్ల పిల్ల. మా కూతురితో కాదు, గాలితో అన్నట్టు అన్నది. నిజమే, నా పుట్టింటి దిక్కే అయినా నేను చూడలేదు.

"చూపిస్త. నేను కూడ వస్త" అన్నది మళ్ళీ ఆమే.

"నెలలు నిండినదానివి, బస్సుల్ల ఏడ తిరుగుతవే? మీ అమ్మ నన్ను తంతది" అన్నాను.

"మా అమ్మ చేనుకాడున్నది. తన్నేటప్పటికి వచ్చేస్తం."

మహబూబాబాద్ పోయి, తొర్రూరు మీదుగా పెద్దవంగర పోయి, అక్కడి నుంచి ఆటోలో వాగు దగ్గర దిగాం. వంతెన చిన్నదే. నేను ఇన్నాళ్ళు విన్న మాటలను బట్టి ఆకాశం దాకా కట్టుకొని ఉన్నాను మనసులో. దాని మీద ఒక ముసలాయన మేకలను తోలుకొని పోతున్నాడు, దాన్ని ఎవరో కట్టారన్న ధ్యాసే లేనట్టు. కింద వాగు సన్నగా పారుతున్నది. నీళ్ళలో ఎండ ముక్కలు ముక్కలుగా కదులుతున్నది. ఇసుక మెత్తగా ఉంటే చెప్పులు విడిచి దిగాం. గార్ల పిల్లను నేను పట్టుకొని దింపాను.

నా చిన్నప్పుడు ఇదే వాగు దాటి కలుపుకు పోయేవాళ్ళం. ఎక్కడ దాటేవాళ్ళమో వెతుక్కుంటూ నేను కొంత దూరం నడిచాను. వెనక్కి తిరిగి చూస్తే ఇద్దరూ వేరు వేరు చోట్ల నిలబడి ఉన్నారు. చెప్పుకొని పోలేదు, కాళ్ళు తీసుకపోయినట్టున్నాయి. నా కూతురు ఎగువ దిక్కు గట్టు మీద, తుమ్మ చెట్టు దగ్గర. గార్ల పిల్ల వంతెన కాలు పక్కన, పల్లంలో, ఒక చెయ్యి కాంక్రీటు మీద ఆనించి.

"నువ్వు ఆడ ఉన్నవు గదనే" అన్నది గార్ల పిల్ల. గట్టిగా అనలేదు, అయినా వంతెన కింద మాట పెద్దగా వినిపించింది.

"ఇక్కడనే. గుంతల ఊటనీళ్ళు తోడే మోటరు ఇక్కడ పెట్టిచ్చిన గద. డీజిలు అయిపోతే తిట్టుకుంట నిలబడ్డ."

"నేను గుంతల ఉన్న. చువ్వల కట్లు చూస్తున్న."

ఆమె అక్కడి నుంచి ఎగువకు చూసింది. వంగి చూసింది, కడుపు అడ్డం వస్తే పక్కకు తిరిగి చూసింది. గట్టు అడ్డం ఉన్నది. ఆమె నిలబడ్డ పల్లం నుంచి వాగు వచ్చే దిక్కు కనిపించదు. ఇంకా లోతుకు, గుంత అడుగుకు దిగితే అసలే కనిపించదు.

చాలాసేపు చూసింది. నేను దగ్గరికి పోతే నా చెయ్యి పట్టుకున్నది.

"చిన్నమ్మా, నాకు ఇప్పటికి ఎర్రనీళ్ళు కనిపిస్తున్నయే. పుల్లలు కూడ. చూడకుండ ఎట్ల కనిపిస్తున్నయి?"



కూతురు గట్టు దిగి వచ్చింది. అప్పుడు ఒక్కొక్కటీ వేరు చేసుకున్నారు. నీళ్ళ రంగు చూసి అరిచింది కూతురు. గుంతలో ఉన్న మనుషులను లెక్కపెట్టి, ఒక్కరు కూడా మిగలకుండా పైకి ఎక్కించి, ఆఖరున తాను ఎక్కింది గార్ల పిల్ల. అది నా కూతురికి పైనుంచి సరిగ్గా తెలియదు, అయినా తాను తీయించానని రాసుకున్నది. కాలువ ఎక్కడ తెంపాలో మట్టాలు చూసి చెప్పింది గార్ల పిల్ల. బస్తాలు ఏటవాలుగా వేయాలన్నది మాత్రం తేలలేదు. ఇద్దరూ వంతెన కింద ఆ చోట నిలబడి, ఒకరు బస్తా ఎత్తినట్టు, ఇంకొకరు అందుకున్నట్టు చేసి చూశారు. ఎంత చేసినా అది ఇద్దరి చేతుల్లోకీ ఒక్కసారే వచ్చేది. మేకల ముసలాయన పైనుంచి వంగి, "ఏం పోగొట్టుకున్నరు బిడ్డా?" అని అడిగాడు.

"ఏం లేదు తాతా" అన్నారు ఇద్దరూ, మళ్ళీ ఒక్కసారే. అప్పుడు నవ్వు వచ్చింది ఇద్దరికీ. గార్ల పిల్లకు నవ్వుతో పాటు ఏడుపు కూడా వచ్చింది.

"రాయి పిల్లా. నా పేరు రాయి."

"అక్కా, నీది పాసైంది. ఊకెనే కదిలిచ్చుకున్నట్టైతది. ఆలోచించుకో."

"నువ్వు నిజం రాస్తే నాది ఎట్లయినా కదులుతది. వాళ్ళు కదిలిచ్చేలోపు నేనే కదిలిస్త. చూడనిది చూసిన అని రాసిన గద."

"నేను కూడ రాసిన గద, నువ్వు చేసింది."

"మరి ఇద్దరం దొంగలమే" అన్నది ముక్కు చీదుతూ. "చిన్నమ్మా, మమ్మల్ని పోలీస్ స్టేషన్ల అప్పజెప్పి పో."

భూపాలపల్లి వచ్చినాక కూతురు సంజాయిషీ రాసింది. ఈసారి వంటింట్లో కాదు. లోపలి గదిలో తలుపు వేసుకొని ఒక్కతే రాసింది. నేను చాయ పెట్టి తలుపు బయట గ్లాసు ఉంచి వచ్చేదాన్ని. పూర్తయినాక తెలుగులో చెప్పి వినిపించింది. మేమిద్దరం ఒకే పని మీద ఉన్నం. ఆ సంగతి ఇద్దరం కలిసి మాట్లాడుకుంట ఒకేసారి రాసుకున్నం, అందుకే మాటలు కలిసినయి. అట్ల రాయొద్దని మాకు తోచలేదు, అది మా తప్పు. నేను చేసింది ఇది. నేను చేసినట్టు రాసుకున్నది గాని ఆమె చేసింది ఇది. ఈ ఒక్కటి మాత్రం ఇద్దరిలో ఎవరిదో మాకు తెలియదు, అడిగినా చెప్పలేము.

"ఆఖరుది రాయకపోతే ఏమైతది?" అని అడిగాను. భయమైంది నాకు. ఎవరైనా అంత పెద్దవాళ్ళకు తెలియదు అని రాస్తారా.

"మిగిలినయి నిజమైతే అదీ నిజమేనే" అన్నది. ఆ రోజే పంపింది. గార్ల పిల్ల కూడా తనది తాను రాసి పంపిందని ఫోను వచ్చింది.

తర్వాత రోజులు మంచులో నడిచినట్టు గడిచాయి. కూతురు పనికి పోయేది, వచ్చేది. ఫోను మోగితే ఇద్దరం ఒకేసారి చూసేవాళ్ళం. నేను చూచిరాత మానేసి సొంతంగా వాక్యాలు రాయడం మొదలుపెట్టాను. ఈ రోజు ఎండ కొట్టింది. లారీ వాడు హారన్ కొట్టిండు. ఇట్లాంటివే. పై గీత ఖాళీగా ఉంటే ముందు ఏం రాయాలో తోచేది కాదు. కిటికీలోంచి చూస్తూ కూర్చునేదాన్ని. ఎండలు ముదిరేలోపే గార్ల పిల్లకు ఆడపిల్ల పుట్టింది. గార్ల పిల్లకు ఆడపిల్ల పుట్టింది.

జవాబు వచ్చిన రోజు వాన పడుతున్నది. కూతురు సంజాయిషీ ఒప్పుకున్నారు. ఆ వంతెన భాగం తీసేసి, వేరే పని గురించి కొత్తగా రాసి పంపమన్నారు. మళ్ళీ పెట్టుకోకుండా ఆపలేదు. కూతురు అది నాకు చెప్పి, వానలోకి పోయి నిలబడి వచ్చింది. తడిసిన బట్టలు మార్చుకోకుండా అన్నం కలుపుకొని తిన్నది, ఎన్నో రోజుల ఆకలి తీరినట్టు.

పొద్దుగూకేటప్పుడు గార్ల నుంచి ఫోను. ఆమెకు కూడా వచ్చింది. పాసైన కాగితాన్ని పక్కన పెట్టారు. ఏ భాగం నీ సొంతమో మొత్తం మళ్ళీ రాసి పంపు, అప్పుడు చూస్తం అన్నారట. గడువు పెట్టారు.

"రాస్తనే గని చెల్లె, ఈ పిల్ల ఒక్క నిమిషం పండనిస్తలేదు. అమ్మేమో చేనుకాడ. రాయాలంటే కూసోనియ్యాలె గద. ఆయన ఫోన్ల అరుస్తుండు, ఎవరు చెప్పమన్నరు నీకు అని."

కూతురు తన కొత్త రాత మీద తాను కూర్చోవాలి. సెలవు లేదు. ఫోను పట్టుకొని నా దిక్కు చూసింది.

మరునాడు పొద్దున్నే నేను రెండు చీరలు సంచిలో పెట్టుకొని బస్టాండుకు పోయాను. బోర్డు చదువుకొని వరంగల్ బస్సు ఎక్కాను, అక్కడ రైలు మారి గార్లలో దిగాను. గార్ల పిల్ల జడ వేసుకోకుండా, కళ్ళు వాచి, బిడ్డను భుజం మీద వేసుకొని గడపలో నిలబడి ఉన్నది. నేను కాళ్ళు కడుక్కొని బిడ్డను అందుకున్నాను. "లోపలికి పోయి రాసుకో. పాలకు ఏడిస్తేనే పిలుస్త" అన్నాను. ఆమె తలుపు దగ్గరికి వేసుకున్నది. నేను వాకిట్లో మంచం వాల్చుకొని, బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకొని ఊపుతూ కూర్చున్నాను.